బ్యాటు నమిలిన పిల్ల

లోర్నా హాకెన్సన్‌కి ఆ శనివారం సాయంత్రం కావలసింది ఒక్కటే: ఏమీ వినపడకపోవడం.

ఏటా ఆకురాలే కాలం రాగానే మొగుడు వెర్న్ వెంట కాస్కేడ్ కొండలెక్కడం, ఎవరికీ కనపడని బిగ్‌ఫుట్ అనే అడవిమనిషి కోసం చలిలో చెవులు రిక్కించి కూర్చోవడం, కూర్చున్నవాళ్లందరికీ వండి పెట్టడం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆ పెద్దపాదం జాడ దొరకలేదు గానీ, వెతికి వెతికి లోర్నా పాదాలే పెద్దవయ్యాయి. వాపు దిగక ఇప్పుడు వెర్న్ పాత బూట్లు తొడుక్కుంటోంది. ఈ అడవిలో ఎక్కడైనా పెద్ద అడుగులు కనపడితే అవి తనవేనని ముందే చెప్పి ఉంచింది.

వెర్న్‌కి మోకాళ్లు రెండూ మార్చారు. మార్చడానికి వీల్లేనిది బుద్ధి ఒక్కటే అని డాక్టరు అనలేదు, లోర్నా అంది. ఆ మాట అన్న వేసవిలోనే వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈసారి కూడా ఏమీ వినపడకపోతే, పడుకోవడానికి పికప్ బండి వెనక ఈడ్చుకొచ్చే ట్రైలర్ అమ్మేస్తారు. యాకిమాలో ఆమె చెల్లెలి ఇంటి పక్కన, ఎండ తగిలే చోట, మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకుంటారు. వినపడితే మటుకు మళ్లీ ఏడాది రావలసిందే. ఆయన నమ్మకానికీ ఆమె అమ్మకానికీ ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం కాస్తా అడవి నోట్లో ఉంది.

విన్నదీ విననిదీ తేల్చవలసింది లోర్నా చెవులే. వెర్న్ చెవుల్ని మోటారు రంపం ఎప్పుడో కోసుకుపోయింది. చెట్లు నరికే పనిలో జీవితమంతా గడిపిన మనిషికి ఎడమ చెవి అలంకారానికీ, కుడి చెవి అవసరానికీ మిగిలాయి. ఆ కుడిచెవి కూడా సన్నటి శబ్దాల్ని గుమ్మంలోంచే పంపించేస్తుంది. ఏ మాటా చెవిన పెట్టడని కాపురం కొత్తలో ఆమె తిట్టేది. ఇప్పుడు పెట్టినా దూరదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చిందంటే, కుర్రతనంలో ఒకనాడు వెర్న్ దుంగల లారీ దారికి అడ్డంగా ఒకటి నడిచి వెళ్లడం చూశాడు. రెండు కాళ్ల మీద, ఒళ్లంతా జుట్టుతో, తొందర లేకుండా. పనివాళ్లంతా నవ్వారు. ఇంటికొచ్చి కొత్త పెళ్లానికి చెబితే, "చూశానంటే చూశావు," అంది. ఆ ఒక్క మాటకి ఇప్పటికీ వంట చేస్తూనే ఉంది.

ఈసారి వాళ్లతో వచ్చింది ఇద్దరే. బృందంలో మిగతావాళ్లు కొందరు పోయారు, కొందరు విసిగిపోయారు. వచ్చినవాళ్లలో ట్రెంట్ రికార్డర్లు, మైకులు మోసుకొచ్చే మనిషి. ఊళ్లో హీటర్లు బాగుచేస్తాడు. కార్లిస్ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎవరు నవ్వినా ముందు చిగుళ్లు చూస్తుంది.

వాళ్లకొక ఆచారం ఉంది. సంధ్యవేళ బేస్‌బాల్ బ్యాటుతో చెట్టు మాను మీద కొట్టి బిగ్‌ఫుట్‌లని పిలుస్తారు. తర్వాత ఆ బ్యాటును నరికిన మొద్దు మీద పెట్టి, పక్కన ఆపిల్ పళ్లు పెట్టి పడుకుంటారు. మనం కొట్టి పిలిచాం కదా, వాళ్లకీ తిరిగి కొట్టాలనిపిస్తే చేతికందాలి కదా అని. శుక్రవారం అలాగే పెట్టారు. శనివారం పొద్దున చూస్తే, పెట్టిన పళ్లు పెట్టినట్టే ఉన్నాయి. ఎవరూ పెట్టని పళ్ల గాట్లు బ్యాటు పిడి నిండా ఉన్నాయి.

కార్లిస్ బ్యాటును వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "వెర్న్ గారూ, గాట్లన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి. ముందు పళ్లు. నోరు చిన్నది. ఇది బిగ్‌ఫుట్ పిల్లేనండీ. పళ్లొస్తున్నట్టున్నాయి పాపం, చిగుళ్లు దురదపెట్టి నమిలింది."

"పళ్లు పెడితే తినకుండా కర్ర తిన్నదేంటమ్మా?" అంది లోర్నా పెనం తోముతూ.

"పళ్లొచ్చే పిల్లకి పళ్లెందుకండీ, కర్రే కావాలి."

"పిల్ల ఉందంటే తల్లీ ఉంటుంది," అన్నాడు ట్రెంట్, గొంతు తగ్గించి.

"తల్లే ఉంటే ఆ బ్యాటు నోట్లో పెట్టుకోనిస్తుందా? అందరి చెమటా దాని మీదే ఉంది," అంది లోర్నా. ఆ మాటలో ఎంత నిజముందో అప్పటికి ఆమెకూ తెలియదు.

సాయంత్రం వెర్న్ చెట్టును కొట్టాడు. ఆ చప్పుడు వాగు దాటి, ఎదుటి కొండకి తగిలి, ఒంటరిగా తిరిగొచ్చింది. నలుగురూ కుర్చీల్లో కదలకుండా కూర్చున్నారు. లోర్నా కళ్లు మూసుకుని యాకిమా ఎండ గురించి ఆలోచిస్తోంది. ఇంకాసేపు ఇలాగే గడిస్తే చాలు.

అప్పుడు వాగు వైపు నుంచి వచ్చింది. ఊం... ఊం... ఊఁహూం. తిననని మొరాయించే పసిపిల్ల ముక్కుతో తీసే రాగంలా ఉంది. కాసేపు గునిసి, ఆగి, మళ్లీ గునిసింది.

ట్రెంట్ మైకును అటు తిప్పాడు. కార్లిస్ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. వెర్న్ మాత్రం అడవి వైపు చూడటం లేదు, పెళ్లాం మొహం వైపు చూస్తున్నాడు.

"విన్నావా?"

లేదనొచ్చు. ఒక్క మాట, అంతటితో ట్రైలర్ అమ్ముడైపోతుంది. కానీ అబద్ధం చెప్పడానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆమె దగ్గర అదీ లేదు. "విన్నాను," అంది.

ట్రెంట్ పెద్ద ఇయర్‌ఫోన్లు తెచ్చి వెర్న్ తలకి తగిలించాడు. వెర్న్ కళ్లు మూసుకుని నెమ్మదిగా తలాడించాడు. "ఎంత స్పష్టంగా ఉందో," అన్నాడు. ట్రెంట్ బొటనవేలు ఇంకా రికార్డర్ మీట మీదికి చేరలేదు. అది చూసింది లోర్నా ఒక్కతే.

ఆదివారం తెలతెలవారుతుండగా ఆమె వెర్న్ బూట్లు ఈడ్చుకుంటూ మరుగుదొడ్డి వైపు బయల్దేరింది. మొద్దు మీద ఏదో కదిలింది. పిల్లి అంత ఉంది. కూర్చుని, బ్యాటు పిడిని రెండు చేతులతో మొక్కజొన్న కండెలా పట్టుకుని, తన్మయంగా కొరుకుతోంది. కొరుకుడుకీ కొరుకుడుకీ మధ్య ఊం, ఊం అంటోంది. పక్కనే ఉన్న ఆపిల్ పళ్లు దానికి పట్టలేదు. పిడిలో ఇంకిన చేతిచెమట, ఆ చెమటలో ఉప్పు, అవీ దానికి కావలసినవి.

ముళ్లపంది. అదీ ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల.

అది ఆమెను చూసి వెనక్కి తిరిగింది. ముళ్లు నిక్కబొడిచింది. తర్వాత మొద్దు దిగి, కాళ్లీడ్చుకుంటూ చెట్టు దాకా వెళ్లి, ఎక్కసాగింది. ఆ కొండల్లో ముళ్లపందులు చెట్లెక్కుతాయి. దానికీ లోర్నాకీ ఒకటే నడక. ఆమె వీపుకి ఆ చలిలో యాకిమా ఎండ తగిలినట్టయింది.

పాన్‌కేకులు పళ్లేల్లో వేస్తూ చెప్పింది. "నిన్న మీరు పట్టింది ముళ్లపంది అరుపు. పొద్దున్నే చూశాను. బ్యాటు నాకుతూ, కొరుకుతూ, అచ్చం అలాగే మూలుగుతోంది."

ట్రెంట్ సిరప్ సీసా మూత బిగించి, మళ్లీ విప్పాడు. "మిమ్మల్ని కాదనడం లేదు లోర్నా గారూ. కానీ బిగ్‌ఫుట్ పిల్లలు ఇతర జంతువుల్ని అనుకరిస్తాయి కదా. గుడ్లగూబలా కూస్తాయి. కొయోటీ నక్కలా అరుస్తాయి. అలాగే ముళ్లపందిలా..."

"బ్యాటు కొరికేది ముళ్లపంది, నాయనా. ఎవరినీ అనుకరించడం లేదు. తింటోంది."

"ముందు పిల్ల నమిలి ఉంటుందండీ," అంది కార్లిస్ బుజ్జగిస్తున్నట్టు. "ఆ వాసనకి తర్వాత ముళ్లపంది వచ్చి ఉంటుంది."

"అయితే ఆ ముళ్లపందిలో ఎవరైనా దూరారేమో కూడా చూసి రావలసింది, పొరపాటైపోయింది," అని లోర్నా మొగుడి వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

వెర్న్ పళ్లెంలోనే చూస్తున్నాడు. "నిన్న విన్నానన్నావుగా."

"విన్నాను. ఇవాళ కన్నాను."

"మనం అనుకున్నది వినపడితే అని. కనపడితే అని కాదు."

ఆమె గరిటె కింద పెట్టింది. విసిరేయలేదు, విసిరితే మళ్లీ వంగి తీయాలి. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసి, పికప్ వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు వెర్న్.

"యాకిమా. నీ పిల్లలొస్తే నువ్వే వండిపెట్టు."

బండి స్టార్టయింది. కదిలింది. అక్కడ నేల కాస్త వాలు. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే ఆ పెడల్ కిందికంటా దిగిపోయింది, అలిగి పడుకున్నట్టు. మళ్లీ తొక్కినా లేవలేదు. పికప్ నింపాదిగా దొర్లుకుంటూ వెళ్లి మొద్దుని గుద్దుకుని ఆగింది. ఆపిల్ పళ్లన్నీ దొర్లిపోయాయి. లోర్నా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. భయపడాలని తెలుసు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

వెర్న్ పరిగెత్తుకొచ్చాడు, డాక్టరు పరిగెత్తొద్దన్న మోకాళ్లతోనే. "దెబ్బ తగిలిందా?"

"మొద్దుకి తగిలింది. ఏ మొద్దుకో అడగకు."

ఆయన చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, మూలుగుతూ బండి కిందికి పాకాడు. బూట్ల అడుగులు రెండూ బయటికి పెట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. బయటికొచ్చేటప్పటికి కుడిచేయి పిడికిలి బిగించి ఉంది.

"ఏమైందండీ?" అంది కార్లిస్, వెనకే పరిగెత్తుకొచ్చి.

"బ్రేకు గొట్టం పోయింది. రబ్బరు కదా."

తర్వాత ఆయన గడ్డిలో పడ్డ బ్యాటును ఎడమచేత్తో తీసి, దులిపి, కార్లిస్‌కి ఇచ్చాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. ఇకనుంచి కొట్టేది నువ్వే."

"మీరు రారా వచ్చే ఏడాది?"

"మోకాళ్లమ్మా," అన్నాడు వెర్న్. కార్లిస్ బ్యాటును పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఆ గాట్లంటే ఆమెకి అంత ముద్దు.

మధ్యాహ్నానికి వాళ్లిద్దరూ సామాను సర్దుకుని బయల్దేరారు. మర్నాటి పనులున్నాయి వాళ్లకి. కిందికి వెళ్లగానే గ్యారేజీకి చెబుతామన్నారు. బండిని ఈడ్చుకెళ్లే ట్రక్కు రేపు గానీ రాదు. లోర్నా అడవి వదిలి వెళ్లిపోదామనుకున్న రోజు, అడవిలో ఇంకో రాత్రి కలిసొచ్చింది.

వాళ్ల ఇంజిన్ చప్పుడు పోయాక వెర్న్ పిడికిలి విప్పాడు. అరచేతిలో ఒక ముల్లు. తెల్లగా, కొన మటుకు నల్లగా.

"గొట్టానికి గుచ్చుకుని ఉంది," అన్నాడు. "దాని మీదా అవే గాట్లు. బ్యాటు మీద ఉన్నవే. చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద జల్లే ఉప్పు అడుగున పట్టి ఉంటుంది కదా, దానికి మరిగింది."

లోర్నా ముల్లు వైపే చూస్తోంది.

"కుర్రప్పుడు మా క్యాంపులో గొడ్డలి పిడులు ఇలాగే తినేసేవి," అన్నాడు ఆయన. "పొద్దునయ్యేసరికి పిడి సగం ఉండేది కాదు. నిన్న బ్యాటు చూడగానే..."

"గుర్తు రాలేదా?"

"రానివ్వలేదు."

ఆయన ట్రైలర్ చెక్కమెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. కూర్చోవడానికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోవలసొచ్చింది.

"వాళ్లకి చూపించొచ్చుగా?" అంది.

"నువ్వు పొద్దున చెప్పావుగా. వాళ్లు విన్నారా? నేను విన్నానా?" ముల్లుని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికెళ్లగానే ట్రైలర్‌కి ప్రకటన ఇస్తాను. అమ్మేద్దాం."

ఈ మాట కోసమే ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసింది. వినగానే ఎగిరి గంతేయాలి. గంతులేసే పాదాలా ఇవి. లేచి మిగిలిన సూపు వేడిచేసి రెండు కప్పుల్లో పోసుకొచ్చింది.

"ఎంత ఉంది అది?" అన్నాడు వెర్న్.

"పిల్లి అంత."

"అయితే పిల్లే."

"పిల్లే."

"అందులో మటుకు మేం తప్పలేదు."

"తప్పలేదు," అని ఒప్పుకుంది. సూపు సగం తాగాక, ఆయన కుడిచెవి వైపు వంగి, "ఆ రోజు దారి మీద నువ్వు చూసింది ముళ్లపంది కాదు," అంది.

"కాదు. దానికంత ఎత్తు ఎక్కడిది."

పొద్దు కొండ వెనక్కి జారింది. ఈ సాయంత్రం కొట్టడానికి బ్యాటు లేదు, పెట్టడానికి పళ్లు లేవు, పట్టడానికి మైకు లేదు. ఉన్నవల్లా మార్చిన మోకాళ్లు రెండూ, వాచిన పాదాలు రెండూ.

వాగు వైపు నుంచి వచ్చింది. ఊం... ఊం... ఊఁహూం.

వెర్న్ వాగు వైపే చూస్తున్నాడు. విన్నావా అని ఆమెను అడగలేదు. అడగవలసిన పని లేదిప్పుడు, దాని మీద ఏమీ ఆధారపడి లేదు.

"వచ్చింది," అంది తనే.

"ఎలా ఉంది?"

లోర్నా ఆయన వైపు చూసింది. ఇన్నేళ్లలో విన్నావా అని ఎన్నోసార్లు అడిగాడు గానీ, ఎలా ఉంది అని ఎప్పుడూ అడగలేదు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, మంచి చెవికి నోరు ఆనించి, ఆయన చెవికి అందేంత బొంగురు గొంతుతో అంది: "ఊం... ఊం... ఊఁహూం."

వెర్న్ తలాడించలేదు. కదలకుండా విన్నాడు. "ఇంకోసారి," అన్నాడు.

ఆమె బాగా అలసిపోయి ఉంది. ఇంకోసారి అంది. ఈసారి కాస్త గట్టిగా వచ్చింది. వాగు అవతల మూలుగు ఠక్కున ఆగిపోయింది. ఆమె కూడా ఆగింది.

"ఆపావేం?" అన్నాడు వెర్న్.

"దాని వంతు," అంది లోర్నా.