మేనత్తల లెక్క

హైదరాబాద్ ల్యాబులో సంధ్యను వెనకాల 'మేనత్తల సైంటిస్టు' అంటారు. టీ తాగేటప్పుడు ముందర కూడా అంటారు. తల్లీ తండ్రీ దొరకని చోట మేనత్త, మేనమామ, పినతల్లి రక్తంతో మనిషిని గుర్తుపట్టడం ఎట్లా అన్నదాని మీదే ఆమె పరిశోధనంతా నడిచింది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, పీహెచ్‌డీ దాకా చదివి, చివరికి చుట్టరికాలు కలుపుతూ కూర్చుందని తోటివాళ్ల వేళాకోళం. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. కోరుట్ల కుర్రాడు రాజేశ్ గల్ఫ్‌లో ఉంటున్న కార్మికుల క్యాంపు తగలబడింది. గుర్తుపట్టలేని ఒక శవం మీద, సగం కాలిన చొక్కా జేబులో అతని బతాకా, అదే అక్కడి గుర్తింపు కార్డు, దొరికింది. శవంతో పెట్టె జగిత్యాల ఆస్పత్రి దాకా వచ్చింది. "గీడు నా కొడుకు గాడు, నేను తీస్కపోను" అని తల్లి ముత్తవ్వ మొండికేసింది. అందుకని ఆమె రక్తం, శవం ఎముక సంధ్య బల్ల మీదికి వచ్చాయి.

రెండూ కలవలేదు.

"ఇంకేంది, కొడుకు కాదని రాసి పంపెయ్. ఆ తల్లి సంబరపడుతది," అన్నాడు పక్కనే పనిచేసే విశ్వజిత్.

సంధ్య సంతకం పెట్టలేదు. తల్లీకొడుకులకు కలవాల్సినంత కలవలేదు, నిజమే. కానీ బొత్తిగా పరాయివాళ్లకన్నా కాస్త ఎక్కువే కలిసింది. యాదృచ్ఛికంగా అట్లా కలవడం ఉన్నదే. మేనత్తా మేనల్లుడూ అయినా అట్లాగే కలుస్తుంది. సంధ్యను పెంచింది కూడా పెద్దమ్మే. ఆమెనే అమ్మా అని పిలుస్తుంది. పిల్లలు లేని తోబుట్టువు ఒడిలో బిడ్డను పెట్టాక తమ వైపు ఇళ్లల్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. పోలీసులు అడిగారని ముత్తవ్వ మాత్రం ఎత్తుతుందా?

మర్నాడు సంధ్య తానే కోరుట్ల బస్సెక్కింది.

"కాదని తేలిందా బిడ్డా?" గడపలోనే అడిగింది ముత్తవ్వ.

"ఇంకా తేలలేదవ్వా. ఒక్క ముచ్చట అడగాలె. రాజేశ్‌ను నువ్వే కన్నవా?"

ముత్తవ్వకు కోపం నషాళానికి అంటింది. "గిదేం అడుగుడు? నా కొడుకే! నా ఒడిల పెరిగిండు."

"నేను గూడ మా పెద్దమ్మ ఒడిల పెరిగిన. ఎవలన్న అడిగితే నేను గూడ గట్లనే చెప్త."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సిరిసిల్లల మా తమ్ముడు నారాయణ. ఆని రెండో కొడుకు. నా ఒడిల పెట్టి, మళ్ల గా మాట ఎత్తనని దేవుని ముంగట ఒట్టేసిండు. పోరనికి తెల్వదు బిడ్డా. తెలిస్తే నాకు కొడుకుంటడా?" అంతలోనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. "గట్లయితే... నా నెత్తురు కలవకున్నా పెట్టెల ఉన్నది నా రాజేశే అయితడా?"

సంధ్యకు అబద్ధం నోట రాలేదు. "కావచ్చు అవ్వా. మీ తమ్ముని నెత్తురు చూస్తే తెలుస్తది."

కాదన్న ఆశ ఒక్కదాని మీద ప్రాణం నిలుపుకున్న మనిషి. ఆ ఆశ కాస్తా తానే లాక్కున్నట్టయింది. ముత్తవ్వను వెంటబెట్టుకుని సిరిసిల్ల వెళ్లేదాకా సంధ్యకు బస్సు కిటికీలోంచి ఏమీ కనిపించలేదు. నారాయణ మగ్గం ఆపి, అక్క ముఖం చూసి, ఏమీ అడగకుండా నెత్తురు తియ్యడానికి చెయ్యి చాపాడు.

ఫలితం వచ్చిన పొద్దున సంధ్య తెర మీది అంకెలను మళ్లీ మళ్లీ చూసుకుంది. తండ్రి నుంచి కొడుక్కి ఉన్నదున్నట్టుగా దిగవలసిన గుర్తులు ఇక్కడ పూర్తిగా వేరు. ఆ శవం నారాయణ కొడుకుది కాదు; మొదట కాస్త కలిసింది యాదృచ్ఛికమే. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. ఈసారి సంతకం పెట్టింది.

ఆ కాగితం అందాకే గల్ఫ్ ఆస్పత్రుల్లో పేరు తెలియని రోగులను వెతికారు. ఒళ్లు కాలి, అప్పుడప్పుడే మాట కూడదీసుకుంటున్న ఒకతను తన పేరు రాజేశ్ అన్నాడు.

కొడుకు గొంతు వినేదాకా ఇల్లు కదలనని ముత్తవ్వ తమ్ముని ఇంట్లోనే కూర్చుంది. సంధ్య కూడా వచ్చింది. ఫోన్ మోగితే నారాయణ స్పీకర్ నొక్కాడు.

"మామా..." గొంతు బొంగురుగా ఉంది. "నా చొక్కా దోస్తు తొడుక్కపోయిండు మామా. ఆడు లేడంట."

సంధ్యకు కళ్లు చెమర్చాయి. ఆ దోస్తు తల్లి ఏ ఊళ్లో ఉందో ఇక వెతకాలి.

"అమ్మ మంచిగున్నదా మామా?"

నారాయణ ఫోన్ దగ్గరికి వంగాడు. ముత్తవ్వ తమ్ముని వంకే చూస్తోంది. అతను కన్న కొడుకు చచ్చి బతికి మాట్లాడుతున్నాడు. ఈ ఒక్కసారికి నోరు జారినా ఎవరూ తప్పు పట్టరు.

నారాయణ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"మంచిగున్నదిరా అల్లుడా. ఇగో, మీ అమ్మకిస్తున్న," అని ఫోన్ తీసుకెళ్లి అక్క ఒడిలో పెట్టాడు.