నవ్వించడానికి కుట్టిన కోటు

నేను ఒక కోటును. ఆకుపచ్చ మఖ్మలు కోటును. ఆకుపచ్చంటే ఇప్పుడు మీరు నమ్మరు లెండి. భోషాణం అడుగున కలరా ఉండల వాసనలో పడుండి పడుండి పాచి రంగుకొచ్చేశాను. మగవాళ్ళు తొడుక్కునే కోటుకి రిబ్బను పువ్వులుంటాయా, మీరే చెప్పండి! నాకున్నాయి. భుజాల మీద, జేబుల మీద, ఆఖరికి వెనకాల నడుం కింద కూడా ఒకటి, తామరాకంత. దాని సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మాది గోదారి పాయ ఒడ్డున, ఫరాసు దొరల, అదే ఫ్రెంచి వాళ్ళ, ఏలుబడిలో ఉండే చిన్న ఊరు. చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ రాజ్యం, మధ్యలో మేం. ఆ ఊళ్ళో బట్టల కొట్టు షావుకారు చక్కా కనకలింగం గారు. మంచాయన. కొట్టుకి ఎవరొచ్చినా, కొననీ కొనకపోనీ, రెండు చేతులూ చాచి "రండి రండి, కూర్చోండి, మజ్జిగ పుచ్చుకోండి!" అనేవాడు. అలా అనేటప్పుడు పొట్ట ముందుకొచ్చేది, మడమలు పైకి లేచేవి. ఊళ్ళో అందరికీ అది అలవాటైపోయింది. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. దొరలు తనని తమలో ఒకడిగా చూడాలి. ఎవరైనా దొర చెయ్యి కలిపితే సాయంత్రందాకా ఆ చెయ్యి కడుక్కునేవాడు కాదు. చుట్ట మానేసి సిగరెట్టు పట్టాడు. పట్టినప్పట్నుంచీ ఒకటే దగ్గు.

అలాంటాయన్ని ఒకరోజు లూసీ దొరసాని బంగళాకి పిలిపించింది. ఏటా ఫరాసు వాళ్ళ పండక్కి దొరలంతా చేరి నాటకం వేసుకుంటారు. "ఈసారి ముఖ్యమైన వేషం మీదే, ముస్సే కనకలింగం" అందావిడ. ముస్సే అంటే అయ్యగారూ అని. ఆ ఒక్క పిలుపుతో ఆయన కాళ్ళు నేలమీద నిలబడలేదు. నాటకం దేని గురించో అడగనైనా లేదు. అడిగుంటే తెలిసేది. బట్టలమ్ముకునే షావుకారొకడు దొర కావాలని తహతహలాడి, దొరల్లా నడవడానికీ, దొరల్లా తుమ్మడానికీ మేష్టర్లని పెట్టుకుని, అందరి ముందూ నవ్వులపాలయ్యే పాత ఫరాసు ప్రహసనం అది. షావుకారు వేషానికి నిజం షావుకారే దొరికితే ఇంకేం కావాలి? ఆవిడకి అదొక సరదా.

నన్ను కుట్టింది దర్జీ కాశిం సాహెబు. మఖ్మలు కనకలింగం గారి కొట్లోదే, ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన తాను చింపి ఇచ్చాడు పాపం. కుట్టే తీరు మాత్రం దొరసాని చెప్పింది. "పొట్ట దగ్గర బాగా బిగించు, వెనకాల పెద్ద పువ్వు పెట్టు" అంటుంటే సాహెబు నోరెళ్ళబెట్టాడు.

"అమ్మగారూ, చూసినవాళ్ళు నవ్వుతారండీ!"

"నవ్వాలనే" అందావిడ.

పుడుతూనే తలవంపులంటే నావే. షావుకారు గారు మాత్రం నన్ను తొడుక్కుని, నిలువుటద్దం ముందు అటూ ఇటూ తిరిగి, రిబ్బన్లు తడుముకుంటూ "ఇవన్నీ బిరుదుల గుర్తులే!" అని భార్యతో మురిసిపోయాడు. ఆవిడ సర్లెండి అన్నట్టు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం అక్కడే చిరిగిపోదామా అనిపించింది.

ఆయనకి ఫరాసు నాలుగు ముక్కలే వచ్చు. పాఠం నేర్పింది కూతురు తాయారు. పదిహేనేళ్ళది, కన్యాస్త్రీల బళ్ళో చదువుకుంటోంది, ఫరాసు గడగడా చదివేస్తుంది. మొదటిరోజు నాటకం పుస్తకం పట్టుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చి, "నాన్నా, ఈ వేషం వద్దు" అంది.

"ఏమే?"

"వద్దంతే. ఒంట్లో బాగోలేదని కబురు పెట్టెయ్యి."

"దొరసాని నోరు తెరిచి అడిగితే కాదంటానా? భలేదానివే! కూర్చో, మొదటి మాట చెప్పు."

ఇక రోజూ అదే వరస. ఆ పిల్ల ఒక్కో మాటా చెప్పడం, ఈయన చిలకలా అప్పగించడం. మధ్యలో "దీనర్థం ఏమిటే?" అంటే, "గొప్ప షావుకారు మాటలు నాన్నా" అని తల దించుకునేది. తల్లి పెరట్లోకి లాక్కెళ్ళి నిలదీస్తే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మరి ఆయనతో చెప్పవేమే?"

"చెప్తే నాన్న గుండె పగిలిపోతుందమ్మా."

చెప్పకపోతే? తెర లేచిందంటే ఆయన పరువు ఊరందరి ముందూ గంగలో కలుస్తుంది. పెరటి కిటికీ పక్కన చిలక్కొయ్యకి వేలాడుతూ నేను అన్నీ వింటున్నాను. నోరు లేని జన్మయిపోయింది, ఏం చెయ్యను!

పండగ రానే వచ్చింది. బంగళా ముందు పందిరి వేశారు. ముందు కుర్చీల్లో దొరలూ దొరసానులూ, వెనకాల నిలబడి మన ఊరివాళ్ళు. తాయారు మాట అందించడానికి తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడింది. షావుకారు గారు నోరు విప్పగానే కుర్చీల్లో నవ్వులు. దొరల తుమ్ము తుమ్మేసరికి మళ్ళీ నవ్వులు. ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయాడు. "మెచ్చుకుంటున్నారే!" అని తెర పక్కకి గుసగుసగా చెప్పాడు కూడా. ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

అప్పుడు వచ్చాడండీ, నౌకరు వేషం వేసిన కుర్ర దొర. ఈయన వెనక్కి చేరి, పొట్ట ముందుకు తోసి, మడమలు లేపి, చేతులు చాచి, వచ్చీరాని తెలుగులో "రాండి రాండి, కూచోండి, మజ్జిగ పుచ్చుకోండి!" అన్నాడు. అంతసేపూ ఒక్క ముక్క అర్థంకాక బిక్కమొహాలేసుకుని నిలబడ్డ మనవాళ్ళు గొల్లుమన్నారు. రోజూ ఆయన మజ్జిగ తాగే మనుషులే!

ఆయన వెనక్కి తిరిగాడు. చూశాడు. నా లోపల ఆయన గుండె దడదడలాడటం నాకు తెలుస్తూనే ఉంది. అక్కణ్ణుంచి ఆయన తాయారు వైపు చూశాడు. ఏడుపు దిగమింగుకుంటున్న ఆ మొహం చూడగానే అంతా అర్థమైపోయింది, ఆ పిల్లకి ముందే తెలుసనేది కూడా.

తాయారు తర్వాతి మాట అందించింది. ఆయన పలకలేదు. మళ్ళీ అందించింది. విప్పి నా మొహాన ఉమ్మేసి దిగిపోవయ్యా అని లోలోపల మొత్తుకున్నాను. ఆయన దిగిపోలేదు. నన్ను కిందికి లాక్కుని సరిచేసుకుని, గొంతు సవరించుకుని, ఒక్క తప్పు లేకుండా ఆ మాట అన్నాడు. చివరిదాకా ఆడాడు. అడక్కపోయినా ఇంకోసారి తుమ్మాడు. దొరసాని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆఖర్న ముందు కుర్చీలకి దణ్ణం పెట్టి, వెనక ఉన్నవాళ్ళకీ పెట్టాడు. అప్పుడు మనవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు.

ఇంటికొచ్చి, నన్ను విప్పకుండానే అరుగుమీద కూలబడ్డాడు. షావుకారమ్మ మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. తాయారు స్తంభం పక్కన నిలబడింది.

"మధ్యలో దిగిపోతే అలిగి పారిపోయాడంటారని ఆడేశాను" అన్నాడు. తాయారు వైపు తిరిగి, "బాధపడతాననే కదమ్మా నువ్వు చెప్పలేదు?" అన్నాడు.

అవునంటే సరిపోయేది. ఆయన అడిగిందే అలా అడిగాడు.

"అందుక్కూడా" అంది తాయారు. "కానీ నాన్నా... మొదటిరోజు తలుపేసుకుని చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. ప్రతి మాటకీ నువ్వే కనిపించావు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చెంప ఛెళ్ళుమంటుందనుకున్నాను. ఆయన నా జేబు మీది రిబ్బను పువ్వుని వేళ్ళతో తడుముకున్నాడు.

"అంత బాగా రాశాడా వాడు?" అన్నాడు.

తాయారు వెక్కి వెక్కి ఏడుస్తూ అవునన్నట్టు తలూపింది.

"అయితే ఆ పుస్తకం తే. మొదట్నుంచీ చదువు. తెలుగులో చెప్పు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని పక్కన కూర్చుని మొదలుపెట్టింది. కాస్త కథ నడిచేసరికి ఆయనకి నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది, పొట్ట కదిలేలా నవ్వాడు. తాయారు నవ్వలేదు.