నిండిన బోర్డు

ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకుని దిగాలి, పైకొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే ఇవ్వాలి. ఓష్ పట్టణానికి పైన కొండల్లో ఉన్న ఆ బొగ్గు గనిలో అదే రూలు. దీపాల గదిలో బిళ్ళలు చూసే ఉల్కాన్, పన్నెండేళ్ళలో ఒక్కరోజైనా ఆ రూలు పాటించిన పాపాన పోలేదు. ఎలా పాటిస్తుంది చెప్పండి? బయట చలి ఎముకలు కొరుకుతుంటే స్నానాల గదిలో వేడినీళ్ళు సగం మందికే సరిపోయేవి. బిళ్ళ ఇవ్వడానికి వరసలో నిలబడితే చన్నీళ్ళే గతి. అందుకని ప్రతి ముఠా మేస్త్రీ తనవాళ్ళ ఇత్తడి బిళ్ళలన్నీ టోపీలో పోసి తెచ్చేవాడు, ఆమె చకచకా బోర్డు మీది మేకులకు తగిలించేసేది. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు.

ఒక మధ్యాహ్నం గని లోపల మంటలు లేచాయి. జుమాష్ మేస్త్రీ దగ్గుతూ వచ్చి టోపీ బోర్లించాడు. ఏడు బిళ్ళలు. ఉల్కాన్ ఏడూ తగిలించింది.

ఇంజనీరు బోర్డు చూశాడు. “ఒక్క మేకూ ఖాళీ లేదు. సంతకం పెట్టమ్మా. గని మూతికి గోడ కట్టేస్తాం, గాలి అందకపోతే మంట అదే చస్తుంది.”

ఉల్కాన్ సంతకం పెట్టింది. ఆయన వెళ్ళాక కిటికీలోంచి చూస్తే, ఆ ముఠాలో జుమాష్‌తో కలిపి ఆరుగురే ఉన్నారు.

“అన్నా, అకూన్ ఏడీ?”

జుమాష్ నేలచూపులు చూశాడు. “బిళ్ళ నా చేతికిచ్చి, బొగ్గుబండి గుర్రాన్ని విప్పుకొస్తానని వెనక్కెళ్ళాడు. వద్దురా అంటే వింటాడా? కట్టేసిన గుర్రాన్ని వదిలొస్తే మా నాన్నకి మొహమెలా చూపించనన్నాడు. వెనకే వస్తాడనుకున్నా.”

“అయ్యో! మరి చెప్పవేం?”

“నువ్వే చెప్పు. మనిషిని చూడకుండా బిళ్ళ తీసుకుంది నువ్వు, సంతకం పెట్టింది నువ్వు. జైలుకి ఇద్దరం కలిసే పోదాం. పొగలో ఈపాటికి పోయే ఉంటాడులే.”

ఆ మాట పట్టుకునే ఆమె గని మూతి దాకా నడిచింది. గోడ నడుమెత్తు లేచింది. ఇటుకలు పేర్చేవాడు చెయ్యి ఆపాడు.

“సారూ, లోపలెక్కడో గుర్రం సకిలిస్తోంది!”

“గుర్రం కోసం మనుషుల్ని పంపమంటావా? కానియ్, కానియ్,” అన్నాడు ఇంజనీరు.

గుర్రానికి ఊపిరాడుతుంటే దాన్ని పట్టుకున్నవాడికీ ఆడుతున్నట్టే. అక్కడున్నవాళ్ళలో అది తెలిసింది ఉల్కాన్ ఒక్కదానికే. నోరు తెరిచింది. తన ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చారు, మూసేసింది. ఛీ, ఏం బతుకు! ఆఖరి ఇటుక పెట్టేదాకా నిలబడే చూసింది.

సాయంత్రం అకూన్ భార్య సైరా పరుగెత్తుకొచ్చింది. చేతులకు రొట్టెపిండి అంటుకునే ఉంది.

“అక్కా, మా ఆయన పైకొచ్చాడా?”

ఆఫీసువాళ్ళు పక్కనే ఉన్నారు. “వచ్చాడమ్మా. అదుగో బిళ్ళ,” అంది ఉల్కాన్.

“నీ కళ్ళతో చూశావా?”

“చూశాను.”

కాగితాల్లో అకూన్ పని వదిలి పారిపోయినవాడయ్యాడు. చచ్చినవాడికైతే వాకిట్లో గుడారం వేస్తారు, ఆడవాళ్ళు లోపల కూర్చుని పాటలు కట్టి ఏడుస్తారు, ఊరంతా కదిలొస్తుంది. పారిపోయినవాడికి ఏం వేస్తారు? కొడుకుని తరిమేశావని అత్త దుమ్మెత్తిపోసింది. సైరా కన్నీటిబొట్టు రాల్చలేదు. బతికున్న మొగుడి కోసం ఏడిస్తే అరిష్టమట.

మంచు పడ్డాక దీపాల గదికి వచ్చింది. గనిలోకి దిగే ముందు స్నానాల గదిలో విప్పిపెట్టిన అకూన్ గొర్రెతోలు కోటు చేతిలో ఉంది.

“ఇంత చలిలో కోటైనా లేకుండా పోయాడే! చూశానన్నావుగా అక్కా, ఒక్కమాట చెప్పి ఆపలేదా?”

“ఆపలేదమ్మా,” అంది ఉల్కాన్.