ఉయ్యాల బల్ల మీది ముఖం

నేను ఒక టేకు పలకను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఇప్పుడు ఒక కల్యాణ మండపం హాల్లో లక్ష్మీదేవిగా గోడకు ఉన్నాను. రోజూ దండ వేస్తారు. ఆ దండ నాది కాదు.

మొదట నేను సుబ్బరత్నం పుట్టింట్లో ఉయ్యాల బల్లను. నాలుగు మూలలా గొలుసులకు నాలుగు రంధ్రాలుండేవి. చిన్నప్పుడు ఆమె నా మీదే కాళ్లూపుతూ కూర్చునేది, నా మీదే నిద్రపోయేది. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు తమ్ముడు తలుపులూ దూలాలూ తీసుకున్నాడు. ఆమె నన్నొక్కదాన్నే అడిగి తెచ్చుకుంది.

భర్త మోక్షాచారి కొయ్య మీద బొమ్మలు చెక్కేవాడు. పనిమంతుడు. అంతవరకు ఒప్పుకుంటాను.

"ఎప్పుడూ దేవుళ్లనే చెక్కుతావు గదయ్యా. ఒక్కసారి నన్ను చెక్కరాదా" అంది సుబ్బరత్నం.

"నీ ముక్కుకి ఈ టేకు చాలదే."

"చాలకపోతే అతుకెయ్యి."

ఉబ్బెత్తు పనిలో బొమ్మను పైన అతికించరు. చుట్టూ కొయ్య తీసేస్తూ పోతే మిగిలిందే బొమ్మ. అన్నిటికంటే ఎత్తుగా ఉండాల్సిన చోటును ముందే గుర్తు పెట్టి, దాన్ని ఉలితో ముట్టుకోరు. నాలో ఆ చోటు ముక్కు కొన. అంటే అక్కడ మిగిలింది పాత ఉయ్యాల బల్ల పైభాగమే. చిన్నప్పుడు ఆమె కూర్చుని కూర్చుని నున్నగా చేసింది, కందిగింజంత. మోక్షాచారి ఆ సంగతి చెప్పి ఆమె వేలు అక్కడ పెట్టించాడు. అలాంటి మాటలు అతనికి బాగా వచ్చు.

వెడల్పు ముక్కు, నవ్వితే సగం మూతపడే కళ్లు, ఎడమ చెంప మీద సొట్ట. అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెక్కాడు. రంధ్రాలకు టేకు బిళ్లలు కొట్టాడు. నాలుగోదానికి టేకు ముక్క దొరక్క, ఎడమ కింది మూలకు వేపకొయ్య బిళ్ల వేశాడు.

ఏడేళ్లు వాళ్ల వసారాలో ఉన్నాను. తర్వాత ఆమెకు కడుపులో గడ్డ లేచింది. మంచం నా కిందికే వేయించుకుంది.

"నేను పోయినా దీన్ని ఎవరికీ ఇయ్యమాక."

"ఇస్తానా, పిచ్చిదానా" అన్నాడు, నా మీద చెయ్యి వేసి. మనుషులు ఒట్టు పెట్టడానికి ఏదో ఒకటి ముట్టుకుంటారు. ఆ ఒట్టు ముట్టుకున్నదానికే గుర్తుంటుంది.

సుబ్బరత్నం పోయి ఏడాది తిరక్కుండా రాజ్యలక్ష్మిని చేసుకున్నాడు. "అన్నం తింటంటే నన్నే చూస్తా ఉంటది. తీసెయ్" అందామె. ఆమె మీద నాకు కోపం లేదు. మాట ఇచ్చింది ఆమె కాదు.

అదే వారం ఒక కంట్రాక్టరు వచ్చాడు. ఏదో మండపానికి పదిరోజుల్లో లక్ష్మి బొమ్మ కావాలన్నాడు. ఏ ఊరిదో మోక్షాచారి అడగలేదు. పచ్చి కొయ్య పగులుతుంది. ఆ ఇంట్లో ఎండిన వెడల్పాటి టేకు నేనొక్కదాన్నే.

నన్ను దించి బల్ల మీద పెట్టాక అతను కాసేపు ఆగాడు. ఉలి నూరుకోవడానికి.

ముందు ముక్కు కొన లేచిపోయింది. దేవికి సన్నముక్కు కావాలి. ముక్కు దిగితే చెంప దిగాలి, చెంప దిగితే కన్ను దిగాలి. ఈ పనిలో తీసింది మళ్లీ పెట్టే దారి లేదు. మూడో రోజుకు సొట్ట ఉన్న చోటు చదునైపోయింది. నవ్వే కళ్లు పెద్దగా తెరుచుకున్నాయి. రాలిన పొట్టు పొయ్యిలోకి పోయింది. ఆ పూట అన్నం దాని మీదే ఉడికింది.

ఈ గోడకు వచ్చి పదకొండేళ్లు. జనం నన్ను సంతానం అడుగుతారు, ఉద్యోగం అడుగుతారు. ఒక్క ముఖాన్ని నిలుపుకోలేనిదాన్ని.

మొన్న మాఘంలో ఒక పెళ్లికి మోక్షాచారి వచ్చాడు. మందపు కళ్లద్దాలు. నాకు దండం పెట్టాడు. కొయ్య పనివాడు కొయ్యను తడమకుండా ఉండలేడు. బొటనవేలు నా అంచు వెంట జారుతూ పోయి, ఎడమ కింది మూల వేపకొయ్య బిళ్ల మీద ఆగిపోయింది.

పక్కన పెళ్లివారి ముసలాయన ఒకడు నిలబడ్డాడు. "ముఖం ఏం కళగా ఉంది ఆచారీ. నీకు తెలిసే ఉంటది, ఎవరి పనంటావు?"

మోక్షాచారి వేలు తీశాడు.

"ఎవరో పాతకాలపోళ్లు."

"సరే పా, రెండో బంతి లేస్తా ఉంది."

వెళ్తూ బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. నా మీద దుమ్మేమీ లేదు. రోజూ తుడుస్తారు.