తీసుకున్న చర్య

నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల సీటు చూస్తాను. పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే ఫోను. కుళాయి రాలేదని ఒకరు, వచ్చింది గానీ బురద వచ్చిందని ఒకరు, పక్కింటికి వచ్చి తమకి రాలేదని పదిమంది. అన్నీ రిజిస్టర్లో ఎక్కిస్తాను. తేదీ, టైము, ఫిర్యాదు, కారణం, తీసుకున్న చర్య. ఆ చివరి గడి ఖాళీగా ఉండకూడదన్నది మా ఆఫీసులో రూలు. పైపు మార్చినా, మనిషిని పంపినా, ఏదో ఒకటి చేసి గడి నింపాలి.

ఇంట్లో కూడా అదే బుద్ధి చూపించాను. అక్కడే వచ్చింది తంటా.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నోరు మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదీ గిలక్కాయ అంటాం. రెండేళ్లుగా దానికి దగ్గు. మొదట జలుబన్నారు, తర్వాత నిమ్ము అన్నారు, ఆ తర్వాత ఎదిగే వయసన్నారు. సిరప్ సీసాలు కిటికీలో వరసగా పేరుకున్నాయి. చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ దాన్ని ఒక మిషన్‌లోకి ఊదమంది. మందు పీల్పించి, పావుగంట ఆగి, మళ్లీ ఊదమంది. రెండో గీత మొదటిదాని కన్నా బాగా పైకి వచ్చింది. "చూశారా, మందు పడగానే గొట్టాలు తెరుచుకున్నాయి. ఇది ఉబ్బసం" అంది.

నేను పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మాత్రం బెండకాయలు ఎంత అన్నట్టు మామూలుగా చెప్పుకుపోయింది. "ఈ నీలం రంగు ఇన్‌హేలర్ ఆయాసం వచ్చినప్పుడు. ఈ నారింజ రంగుది రోజూ పొద్దునా రాత్రీ, దగ్గు ఉన్నా లేకపోయినా. ఏది పడట్లేదో చర్మం మీద పరీక్ష చేసి చూద్దాం గానీ, దానికి జలుబు మందులు ఆపి కొన్నాళ్లు గడవాలి. నెల తర్వాత రండి. ఈలోపు ఎప్పుడు దగ్గింది, అప్పుడు ఎక్కడుంది, ఏం చేస్తోంది, ఒక పుస్తకంలో రాయండి. రాయడం వరకే."

రాయడం వరకే అన్న మాట నా చెవిన పడింది, చేతికి మాత్రం ఎక్కలేదు. ఆ సాయంత్రమే కొత్త నోటుపుస్తకం తీసి స్కేలు పెట్టి ఐదు గళ్లు గీశాను. అయిదోదాని మీద అలవాటుగా 'తీసుకున్న చర్య' అని రాశాను.

మొదటి దగ్గు మర్నాడు సాయంత్రం వచ్చింది. మా అత్తగారు వంటింట్లోంచే తీర్పు చెప్పేశారు. "అరటిపండు తినింది. తల కూడా తడిగా ఉంది. ఇంక దానికి మిషన్లెందుకు, డాక్టర్లెందుకు?" కారణం గడిలో అరటిపండు అని రాశాను. చర్య: అరటిపండ్లు బంద్. రోజూ బడి నుంచి రాగానే రెండు పళ్లు తినే పిల్ల, ఖాళీ బుట్ట వైపు చూసి వెళ్లిపోయింది.

రెండోసారి మావారి వంతు. ఆయన కళ్లజోళ్ల షాపులో పనిచేస్తారు. ఊరందరి చూపూ సరిచేసేవాణ్ణి కాబట్టి తన చూపు నుంచి ఏదీ తప్పించుకోదని ఆయన నమ్మకం. "పక్కింటి పిల్లి. మెట్ల మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నేను గమనిస్తూనే ఉన్నాను" అన్నారు.

"గమనిస్తే ఇన్నాళ్లూ చెప్పరేం?"

"అడిగావా?"

చర్య: పిల్లిని ముట్టుకోవద్దు. పిల్ల మెట్లు దిగుతుంటే అది కాళ్లకి చుట్టుకునేది. ఇది చేతులు వెనక్కి కట్టుకుని, గోడకి జరిగి దిగేది.

మూడోది నాదే, ఎవరి మీదా తోయను. బడిలో నలుగురు కలిసి పరిగెత్తే రిలే పందెం ఉంది. నలుగురిలో ఆఖరిది ఇదే, కర్ర చేతికందితే ఇక వెనక్కి చూడదు. ప్రాక్టీసు నుంచి వచ్చి ఒగరుస్తుంటే నాకు గుండె జారిపోయింది. డ్రిల్లు మాస్టారికి చీటీ రాసి పంపించాను, ఇకనుంచి గట్టు మీద కూర్చోబెట్టమని. అత్తయ్యది అరటిపండు, ఆయనది పిల్లి, నాది పరుగు. తిలా పాపం తలా పిడికెడు.

నాలుగోసారి దగ్గు నానమ్మ పక్కలో ఉండగా వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అది అక్కడే పడుకుంటుంది, ఇద్దరూ ఒకళ్ల కథ ఒకళ్లకి చెప్పుకుంటూ. నేను ఆలోచించలేదు. గడి ఉంది, నింపాను. చర్య: పిల్లని మా గదిలోకి మార్చడం.

"నా పక్కలో పడుకుంటే దగ్గొస్తుందా? నేనేమైనా మిరపకాయల బస్తానా?" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత రెండురోజులు నాతో నేరుగా మాట్లాడలేదు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అన్నీ వినిపించారు.

గిలక్కాయ దిండు పొట్టకి హత్తుకుని గుమ్మంలో నిలబడింది. "అమ్మా, నేను దగ్గకపోతే నానమ్మ దగ్గరికి వెళ్లొచ్చా?"

నేను తలెత్తను కూడా లేదు. తర్వాతి పేజీకి గళ్లు గీస్తున్నాను. "దగ్గకపోతే వెళ్దువుగాని. ఎవరొద్దన్నారు?"

అంతే. మర్నాటి నుంచి దగ్గు లేదు.

ఒకరోజు, రెండురోజులు, వారం. పుస్తకంలో గీతలే గాని రాత లేదు. మాట ఇచ్చాను కాబట్టి పిల్లని మళ్లీ నానమ్మ పక్కలోకి పంపించాను. అరటిపండు మానేసినందుకే తగ్గిందని అత్తయ్య ఫోనులో చుట్టాలందరికీ చెప్పారు. పిల్లి సంగతి కనిపెట్టినందుకు మావారు అద్దంలో చూసుకుని జుట్టు దువ్వుకున్నారు. నేనూ తక్కువ తినలేదు. నా పుస్తకం నా ప్రతాపమే అనుకున్నాను.

"దగ్గే లేనప్పుడు రోజూ ఆ మందెందుకు? చిన్నపిల్ల, అలవాటైపోతుంది" అన్నారు మావారు. అత్తయ్య ముందునుంచీ ఆ మాటే అంటున్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం ఒక మాట మీద నిలబడిన రోజు అదొక్కటే. నారింజ ఇన్‌హేలర్ బీరువా ఎక్కింది.

ఆ రోజుల్లోనే పిల్ల కాస్త నెమ్మదించింది. మాటలు కుదించింది. ఒద్దిక వస్తోందని సంతోషించాం. మాటిమాటికీ బాత్రూములోకి వెళ్లి కుళాయి ధారగా వదిలేసేది. నాకు ఒళ్లు మండేది. నీళ్ల ఆఫీసులో పనిచేసేదాని ఇంట్లో నీళ్లు ఇలా వృథా అవుతాయా అని రెండుసార్లు తలుపు బాదాను. మూడోసారి చెవి మెలేశాను.

నెల తిరిగేసరికి నేనూ, మావారూ, పిల్లా వెళ్లాం, డాక్టరమ్మ దగ్గరికి. పుస్తకం నా చేతిలో ఉంది. పరీక్షలో ఫస్టు వచ్చినవాళ్ల తల్లిదండ్రుల్లా కూర్చున్నాం.

ఆవిడ పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. "ఆ తర్వాత రెండు వారాలూ ఏమీ లేదా?"

"ఒక్కసారి కూడా లేదండీ. అందుకే నారింజ రంగుది ఆపేశాం" అన్నారు మావారు.

ఆవిడ పుస్తకం మూసింది. బల్ల సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ గొట్టం తీసింది. పక్కన అంకెలు, వాటి వెంట జరిగే ముల్లు. "ఊపిరి నిండా తీసుకుని గట్టిగా ఊదు తల్లీ. ముల్లు ఎంతదూరం వెళ్తుందో చూద్దాం."

గిలక్కాయ గొట్టాన్ని నోటిదాకా తెచ్చి, దించేసింది. "తక్కువొస్తే ఏం తీసేస్తారు?" అని అడిగింది.

"తీసేయడమేంటి?"

"నేను దగ్గితే అమ్మ రాస్తుంది. రాస్తే ఒకటి తీసేస్తారు." మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "అరటిపండు అయిపోయింది, పిల్లి అయిపోయింది, పరుగు అయిపోయింది." మళ్లీ ఆగింది. "ఇంక నానమ్మ ఒక్కతే ఉంది."

డాక్టరమ్మ కుర్చీ దాని దగ్గరికి లాక్కుంది. "ఏమీ తీసెయ్యం. నేను మాటిస్తున్నాను. ఊదు" అంది. పిల్ల మూడుసార్లు ఊదింది. ఆ వయసుకీ ఎత్తుకీ రావలసినదాంట్లో సగం దగ్గర ముల్లు ఆగిపోయింది. వీపు మీద స్టెతస్కోపు పెట్టగానే ఆవిడ ముఖం మారింది. వెంటనే పక్కగదిలో మాస్కు తగిలించి మందు ఆవిరి పట్టించారు. ఆ మాస్కులోంచే అది నర్సుకి చెబుతోంది, దగ్గొస్తే బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గుతానని. తన తెలివికి తానే మురిసిపోతూ చెబుతోంది.

నేను మెలేసిన చెవి మీదుగానే ఉంది ఆ మాస్కు రబ్బరు.

రెండేళ్ల కిందట మా ఆఫీసులో ఒక వీధి నుంచి ఫిర్యాదులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. నేను పొంగిపోయి రిజిస్టరు ఇంజినీరుగారికి చూపించాను. ఆయన వెంటనే చెప్పులేసుకుని బయల్దేరారు. "ఫోన్లు రావట్లేదంటే నీళ్లొస్తున్నాయని కాదమ్మా, మనకి చెప్పి లాభం లేదనుకున్నారని" అన్నారు. వెళ్లి చూస్తే ఆ వీధికి నెలరోజులుగా చుక్క లేదు. ఆఫీసులోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఈ సంగతి నేనే చెబుతాను. చెప్పడానికి అన్నీ తెలుసు నాకు. ఇంట్లో మాత్రం ఖాళీ గళ్లు చూసి మురిసిపోయాను. సిగ్గేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

డాక్టరమ్మ అప్పుడు చురక అంటించింది. "మిమ్మల్ని రాయమన్నాను, శిక్షలు వెయ్యమనలేదు. పిల్ల పరిగెత్తడానికే కదా మందు ఇచ్చింది? మీరు పరుగు ఆపి, మందూ ఆపారు."

ఇంటికి వెళ్తుంటే మావారు గొంతు సవరించుకున్నారు. "నేను ముందే అన్నాను..."

"ఏమన్నారు? పిల్లి అన్నారు."

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆయన రోడ్డునే చూశారు.

మూడు వారాలు నారింజ మందు తప్పకుండా పీల్పించాక చర్మ పరీక్ష చేశారు. మోచేతి కింద వరసగా చుక్కలు వేసి, ఒక్కొక్కదాని మీదా సూదితో చిన్నగా గుచ్చి, పావుగంట ఆగమన్నారు. పిల్లి బొచ్చు దగ్గర ఏమీ లేదు. పుప్పొడి దగ్గరా లేదు. అరటిపండు సంగతి అడిగితే, దాన్ని అనుమానించడానికి కారణమే లేదంది డాక్టరమ్మ. ఒక్కచోట మాత్రం దోమకాటు కన్నా పెద్దగా ఉబ్బింది. పాత పరుపుల్లో, దిళ్లలో కంటికి కనపడకుండా బతికే దుమ్ము పురుగులట. పిల్లి నిర్దోషి. నెలన్నర శిక్ష అనుభవించాక తేలింది.

మా అత్తగారి దూది పరుపు వయసు నా పెళ్లి కన్నా ఎక్కువ. సంగతి విని ఆవిడ మంచం అంచున కూలబడ్డారు. "అంటే నేనేగా దానికి పడనిది."

పదేళ్లలో మొదటిసారి ఆవిడ మీద నాకు కోపం రాలేదు. "మీరు కాదత్తయ్యా. పరుపు" అన్నాను.

కొత్త పరుపు తెచ్చాం. పరుపుకీ దిళ్లకీ జిప్పు ఉన్న కవర్లు తొడిగాం. వారం వారం దుప్పట్లు మరిగే నీళ్లలో నానబెట్టే పని మావారికి అప్పగించాను, పురుగులు కనిపిస్తాయేమో ఆ చూపుతో వెతుక్కోమని. అరటిపళ్ల బుట్ట నిండింది. పిల్లి మళ్లీ పిల్ల ఒళ్లోకి చేరింది. డ్రిల్లు మాస్టారికి రెండో చీటీ వెళ్లింది. గిలక్కాయ నానమ్మ పక్కలోనే పడుకుంది.

అన్నీ తిరిగిచ్చేశాం కదా, ఇక దాచదనుకున్నాను. పిల్లలు అంత తొందరగా నమ్మరు. "దగ్గొస్తోందా?" అని అడిగితే ముందు నా ముఖం చూసేది, తర్వాత చేతులు చూసేది, పెన్ను ఉందేమోనని. "లేదు" అనేది. దాని భుజాలు లేచి పడుతుంటే నాకు కనిపించేది. ఇది చెప్పకపోతే ఏదో ఒకరోజు మేం చూసేసరికి ఆలస్యమైపోతుందన్న భయం నన్ను పీక్కుతినేది. అరవాలనిపించేది. అరిస్తే ఆ కాస్త నమ్మకం కూడా మిగలదని నోరు నొక్కుకునేదాన్ని.

పందెం రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ ఆగిపోయింది. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

చివరికి అదే నోరు విప్పింది. "కొంచెం ఈల వస్తోంది, లోపల."

"సరే."

"చెప్పానని మానిపించవు కదా?"

డాక్టరమ్మ ఆ ఊదే గొట్టంతో పాటు ఇచ్చిన కాగితంలో అంతా ఉంది. నీలం రంగుది రెండుసార్లు పీల్పించి, పావుగంట ఆగి, గొట్టంలోకి ఊదించి, ముల్లు ఆకుపచ్చ గీత దాటితే పంపొచ్చు. దాటకపోతే పంపకూడదు. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. "నేను కాదు, ముల్లు చెబుతుంది. దాటకపోతే ఈ ఒక్క పందేనికే కూర్చుంటావు. ఏదీ తీసెయ్యను" అన్నాను.

అది నన్ను పరీక్షగా చూసింది. అప్పుడు దగ్గింది. నా ఎదురుగా, నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది. వీపు నిమురుతూ కూర్చున్నాను. ఆ దగ్గు వింటుంటే ఒంట్లో ప్రాణం లేచి వచ్చినట్టయింది నాకు.

రెండుసార్లు పీల్చింది. పావుగంట గడియారం చూస్తూ గడిపాం. ఊదింది. ముల్లు ఆకుపచ్చ గీతని వేలెడు దూరం దాటి ఆగింది.

"ఈల ఉందా?"

"లేదు. నిజంగా లేదు."

నాకు భయంగానే ఉంది. నీలం ఇన్‌హేలర్ దాని జేబులో పెట్టి, బూటు లేసు బిగించి, పరిగెత్తమని పంపించాను.