లేని నర్సమ్మ

ఆ ఆఫీసులో పనిచేసేది పన్నెండు మందే, కానీ ఒక్కొక్కరూ ముప్ఫై మంది. గుమ్మం మీద ప్రకటనల కంపెనీ అని బోర్డు. లోపల జరిగేది పచ్చి మోసం. లేని మనుషుల పేర్లతో ఫోన్లలో ఖాతాలు తెరిచి, ఎవరికో కావలసిన మాటని ఊరు తనంతట తనే అనుకున్నట్టు చేయడం.

వాళ్ళలో పనిమంతుడికి తోటివాళ్ళు మాటల మేస్త్రి అని పేరు పెట్టారు. అతను పుట్టించినవాళ్ళలో పేరుమోసింది నర్సమ్మ, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆరు నెలల పాటు ఆవిడ చేత ఒక్క అబద్ధం కూడా ఆడించలేదు. మోకాళ్ళ నొప్పులు, పిల్లల జ్వరాలు, కోడళ్ళ మీద చతుర్లు, అంతే. పోయిన తన తల్లి మాటతీరంతా తెచ్చి ఆవిడకి పెట్టాడు, సిగ్గులేనివాడు. జనం నమ్మాక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ మాట మెల్లగా చెప్పించాడు. "ఈ దగ్గు పొగ వల్ల కాదర్రా, గాలి మారింది. ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిరక్కండి." పొగ మీద జనం మొదలుపెట్టిన సంతకాల ఉద్యమం నెల తిరక్కుండా నీరుగారిపోయింది.

అతని అక్క కాపురం ఆ ఫ్యాక్టరీ వెనక వీధిలోనే. ఆదివారం చూడ్డానికి వెళితే ఆవిడ చేతిరుమాలులో నెత్తురు కనబడింది.

"డాక్టరు దగ్గరికి పద అక్కా."

"ఎందుకురా? గాలి మారిందని నర్సమ్మ చెప్పిందిగా. ఆవిడ మాటలు చదువుతుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది."

"నర్సమ్మా లేదు, ఎవరూ లేరు. అదంతా నేనే రాస్తాను."

అక్క దగ్గుతూనే నవ్వింది. "కోతలు కోయడంలో నీ తరవాతేరా ఎవరైనా!"

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే నర్సమ్మ పేరుతో రాశాడు. "నేను చెప్పింది తప్పు. ఆ పొగే కారణం. నెత్తురు పడుతుంటే ఇవాళే డాక్టరుకి చూపించుకోండి."

ఆ రాత పది నిమిషాలు కూడా నిలవలేదు. తమ మనిషి ఎవరైనా ఎదురు తిరిగితే మిగతావాళ్ళంతా కలిసి 'ఖాతా దొంగలపాలైంది' అని గోల చేయాలి. ఆ పద్ధతి నేర్పింది మాటల మేస్త్రే. మూడొందల మంది లేనివాళ్ళు ఒక్కసారి గొంతెత్తారు. ఇన్‌చార్జి వచ్చి నర్సమ్మని పక్క సీటువాడికి అప్పగించాడు. వాడు వెంటనే రాశాడు. "ఎవడో నా ఖాతా కాజేశాడర్రా. ఆ రాతలు నావి కావు."

అంతలో అక్క ఫోను.

"నిన్న నర్సమ్మని నేనే అన్నావు, ఇవాళ ఆవిడ ఖాతా పోయింది. ఆ దొంగవి నువ్వేనట్రా?"

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, ముందు డాక్టరు..."

"ఛీ, నోర్ముయ్. పాపం పెద్దావిడ పరువు తీస్తావా? మళ్ళీ నా గడప తొక్కకు!"

ఫోను పెట్టేసింది. కాసేపటికి పక్క సీటువాడి తెర మీద అక్క ఉత్తరం పడింది: అమ్మా, మిమ్మల్ని ఏడిపించింది నా తమ్ముడే, క్షమించండి, నా దగ్గు మాత్రం తగ్గడం లేదు.

మాటల మేస్త్రి లేచి వెళ్ళేలోపే వాడు జవాబు కొట్టేశాడు.

"పోనీలే తల్లీ, అలాంటి తమ్ముడు ఉన్నా లేనట్టే. కాసిని వేణ్ణీళ్ళు తాగి పడుకో, అదే తగ్గిపోతుంది."