పంతొమ్మిదో పేజీ

నగరం లైబ్రరీలూ జిల్లా లైబ్రరీలూ కలిసి ఒకటైపోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచీ బండి అమ్మాయికి తిండి సయించడం లేదు. పేరుకే అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళ వయసులో జిల్లా లైబ్రరీ వారి పుస్తకాల వ్యాను ఎక్కింది. ఇప్పుడు యాభై దాటాయి, జుట్టు నెరిసింది, పిలుపు మాత్రం మారలేదు. పదిహేను రోజులకోసారి వ్యాను ఒక్కో వీధి మలుపులో అరగంట ఆగుతుంది. డ్రైవరు బాబాయి హారన్ కొడతాడు, ఆవిడ లోపల చిన్న బల్ల ముందు కూర్చుని పుస్తకాలు ఇస్తుంది, తీసుకుంటుంది, మధ్యలో అందరి మోకాళ్ళ నొప్పులూ వింటుంది.

కలపడం మీద ఆవిడకేం కోపం లేదు. ఒకటే కార్డు, ఇక్కడ తీసుకున్న పుస్తకం అక్కడ ఇచ్చేయొచ్చు, నగరంలో ఉన్న ఏ పుస్తకమైనా వ్యాను దాకా వస్తుంది. మంచిదే కదా, ఎవరు కాదన్నారు? పేచీ అంతా నియమాల కాగితంలో ఏడో వరసతో వచ్చింది. ఒకే పుస్తకం రెండు చోట్లా ఉంటే శుభ్రంగా ఉన్న దాన్ని ఉంచాలట, లోపల రాతలున్న దాన్ని తూకానికి వేసెయ్యాలట.

ఆ వరస రాసినవాళ్ళు వ్యాను మొహం చూసి ఉండరు. జిల్లా లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ రెండు చోట్ల ముద్ర వేస్తారు, మొదటి పేజీలో ఒకటి, పంతొమ్మిదో పేజీలో ఒకటి. మొదటి పేజీ చిరిగిపోయినా పుస్తకం ఎవరిదో తెలియాలని. ఆ పంతొమ్మిదో పేజీ ముద్ర కింద వ్యాను పాఠకులు పెన్సిలుతో తలా ఒక గుర్తు పెట్టుకుంటారు. వందల నవలలు చదివేవాళ్ళకి ఏది చదివారో గుర్తుండి చావదు మరి! సగం చదివాక హంతకుడు వంటవాడేనని గుర్తొస్తే ఎంత చిరాకు! అందుకని దర్జీ తాత చేప వేస్తాడు, నర్సమ్మ మూడు చుక్కలు పెడుతుంది, లెక్కల మాస్టారు త్రిభుజం గీస్తాడు. రానురాను అదే ఒక సిఫారసైపోయింది. చేప ఉంటే కడుపుబ్బా నవ్వొస్తుందనీ, త్రిభుజం ఉంటే పడుకోగానే నిద్రొస్తుందనీ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు కూడా నమ్మేవాళ్ళు.

"ఎవరేం చదివారో ఇకమీదట కంప్యూటరు చూసుకుంటుంది" అన్నారు నగరం వాళ్ళు. చూసుకోదు. పుస్తకం తిరిగి రాగానే ఎవరు తీసుకున్నారన్న సంగతి అది తుడిచేస్తుంది. అది ఆ కాగితంలోనే మూడో వరస.

పైగా వ్యాను పుస్తకాలు చూడ్డానికి వచ్చేది ఎవరనుకున్నారు? రబ్బరు సారు! నగరం లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళుగా కేటలాగు చూసే మనిషి. చొక్కా జేబులో కలం ఉన్నా లేకపోయినా రబ్బరు ముక్క ఉండాల్సిందే. పుస్తకంలో పెన్సిలు గీత కనిపిస్తే ఎవరో తన వీపు మీద గీసినట్టు విలవిల్లాడిపోతాడు. ఆయన సంతకం పెడితే పుస్తకం ఉంటుంది, లేకపోతే పోతుంది.

నగరంలో కూడా ఉన్న పుస్తకాల జాబితా బుధవారం చేతికొచ్చింది. మూడు వందల పన్నెండు. అన్నీ జనం ఎగబడి చదివేవే. బండి అమ్మాయి జాబితా మొదట్నుంచీ చివరిదాకా చూసింది. తర్వాత తనే ఒక రబ్బరు కొని తెచ్చింది.

బుధవారం మధ్యాహ్నమంతా, గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా, షెడ్డులో వ్యాను తలుపులు తెరుచుకుని కూర్చుని పంతొమ్మిదో పేజీలు చెరిపింది. చేపలు పోయాయి, చుక్కలు పోయాయి. బాబాయి టైరు మీద కూర్చుని చూశాడు, చూశాడు, ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు.

"మంచి పనేనా అమ్మాయ్ ఇది?"

"పుస్తకం ఉంటే గుర్తు మళ్ళీ పెట్టుకుంటారు బాబాయ్. తూకానికి పోతే ఏం పెట్టుకుంటారు?"

బాబాయి తల గోక్కున్నాడు. నిజమే అనిపించేలా ఉంది మరి. ఆవిడకీ అలాగే అనిపించింది. పప్పులో కాలేసినవాళ్ళందరికీ ముందు అలాగే అనిపిస్తుంది.

శుక్రవారం వ్యాను తిరిగే రోజు. రబ్బరు సారు కూడా ఎక్కి, వెనక మడత కుర్చీ వేసుకుని, బండి ఊగుతున్నా లెక్క చెయ్యకుండా జాబితా ప్రకారం ఒక్కో పుస్తకం తీసి చూశాడు. చూసినకొద్దీ మొహం విప్పారింది.

"మీ వ్యాను పుస్తకాల గురించి బయట ఏదేదో విన్నాను మేడమ్. ఇంత శుభ్రంగా ఉంటాయనుకోలేదు" అని సంతకాలు పెట్టడం మొదలెట్టాడు. బండి అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది.

నాలుగో మలుపులో గొడుగు పిన్ని వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయిన పెద్దావిడ, గుర్తు గొడుగు బొమ్మ. పక్కనే చెయ్యి పట్టుకుని ఆవిడ చెల్లెలు. రెండేళ్ళుగా పిన్నికి మరుపొచ్చింది. పొద్దున తిన్నది సాయంత్రానికి ఉండదు, ఒక్కోసారి చెల్లెలి పేరే తడుముకుంటుంది. అప్పట్నుంచీ ఆవిడ పద్ధతి తలకిందులైంది. అందరూ తమ గుర్తు లేని పుస్తకం వెతుక్కుంటే, పిన్ని తన గుర్తు ఉన్నదే తీసుకెళ్తుంది. "ఇది నేను చదివాను, అయితే బాగానే ఉండుంటుంది" అంటుంది. కొత్తవాళ్ళ మాట నమ్మదు, తన మాట నమ్ముతుంది.

ఈ సంగతి బండి అమ్మాయికి తెలియనిదా? పదిహేను రోజులకోసారి కళ్ళారా చూస్తున్నదే. పుస్తకాలు పోతాయన్న భయంలో ఇదొక్కటీ బుర్రలోకి రాలేదు.

పిన్ని తనకలవాటైన అర దగ్గర నిలబడి ఒక పుస్తకం తీసింది. పంతొమ్మిదో పేజీ తిప్పి చూసి పెట్టేసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. ఏడో పుస్తకం కూడా మూసి తలెత్తింది.

"ఏమ్మా, ఇన్నేళ్ళూ నేనేం చదవలేదా?"

"చదివావక్కా, బోలెడు చదివావు" అంది చెల్లెలు.

"మరి నేనేదీ ఇందులో?"

తను చేసిన పనేమిటో బండి అమ్మాయికి అప్పుడు తెలిసొచ్చింది. రెండడుగుల దూరంలో సారు సంతకాలు పెడుతున్నాడు, ఇంకా సగం మిగిలున్నాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే అన్నీ బతుకుతాయి. తెరిస్తే, పెట్టిన సంతకాలు కూడా కొట్టేస్తాడు. పిన్ని ఎనిమిదో పుస్తకం కోసం చెయ్యి చాచింది. బండి అమ్మాయి ఇక చూడలేకపోయింది.

"మీరు చదివారు పిన్నిగారూ. ఇవన్నీ చదివారు. మీ గొడుగులు నేనే చెరిపేశాను" అంది. అని, సారు వైపు తిరిగింది. "అన్నిట్లోనూ గుర్తులున్నాయి సార్. తూకానికి వేస్తారని చెరిపాను. మూడొందల పన్నెండూ."

చెబుతుంటే ఏడుపొచ్చింది. బాబాయి సీట్లోంచి వెనక్కి తిరిగాడు. పిన్నికి ఆ గొడవేం పట్టలేదు, పుస్తకం గుండెలకి ఆనించుకుని దిక్కులు చూస్తోంది.

రబ్బరు సారు లేచాడు. మొహం గంటు పెట్టుకున్నాడు. పిన్ని చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పంతొమ్మిదో పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టాడు.

"రబ్బరుకి నలుపే పోతుంది మేడమ్" అన్నాడు. "ఒత్తు పోదు. ముప్ఫై ఏళ్ళుగా చెరుపుతున్నాను, నాకు తెలీదా? అమ్మగారు గట్టిగా ఒత్తే మనిషి."

"పోస్టాఫీసులో మూడు కార్బన్ల మీద రాసిన చెయ్యి అది" అంది చెల్లెలు.

కాగితం మీద సన్నటి పల్లం. వంపు, కర్ర, కొస దగ్గర కొక్కెం. సారు కాసేపు దాన్నే చూశాడు. తర్వాత బల్ల మీది పెన్సిలు తీసుకున్నాడు. తన జన్మలో లైబ్రరీ పుస్తకంలో గీత గీయని మనిషి, ఆ పల్లం వెంట ఊపిరి బిగబట్టి గొడుగు గీశాడు. అలవాటు లేని పని, కర్ర కొంచెం వంకరపోయింది.

పిన్ని చూసింది. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"ఇదిగో, ఉన్నాను! చదివాను కదా, అయితే బాగానే ఉంటుంది" అని పుస్తకం చెల్లెలి సంచీలో వేసింది.

అక్కాచెల్లెళ్ళు దిగి వెళ్ళిపోయారు. సారు జాబితా ముందుకు లాక్కున్నాడు. బండి అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. కలం గరగరలాడింది. తెరిచి చూస్తే సంతకాలు కొట్టెయ్యలేదు. 'రాతలు' అన్న గడిలో మూడు వందల పన్నెండు పుస్తకాలకీ కలిపి ఒకటే మాట రాస్తున్నాడు: "పాఠకుల గుర్తులు. తొలగించరాదు."

"ఏడో వరస సంగతి నేను మాట్లాడతాను" అన్నాడు తలెత్తకుండా. "మీకు ఎవరి గుర్తేదో తెలుసా?"

"అందరివీ తెలుసు సార్."

"అయితే కూర్చోండి. నేను వెలుతురుకి పట్టి చూపిస్తాను, మీరు గీయండి." తర్వాత ఇబ్బందిగా అన్నాడు: "నగరంలోనివి కూడా మనవే కదా ఇప్పుడు. వాటిల్లో నేను చెరిపినవి చాలా ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం."